రొట్టె చిటపటలాడే వేళ

ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన రొట్టె దగ్గర చెవి పెడితే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. చల్లగాలి తగిలి పైపెచ్చు బిగుసుకుంటూ, సన్నని పగుళ్లు విచ్చుకుంటున్న చప్పుడది. రొట్టె పాడుతోందంటారు చేసేవాళ్లు. తిరగేసి అడుగున వేలికణుపుతో తడితే ఖాళీ కుండలా బోలుగా మోగాలి. మోగిందంటే లోపల కాలినట్టే. ఇంట్లో చేసుకున్న రొట్టె నోటికంటే ముందు ముక్కుకీ చెవికీ విందు చేస్తుంది. ప్యాకెట్ బ్రెడ్డు ఎంత తాజాదైనా ఈ రెండూ ఇవ్వలేదు.

తెలుగిళ్లలో రొట్టె అంటే జొన్నరొట్టె, దిబ్బరొట్టె. బ్రెడ్డు అంటే జ్వరమొచ్చినప్పుడు పాలల్లో ముంచుకు తినేది. కానీ దాని వెనకున్న కిటుకు మన వంటింటికి కొత్త కాదు. నిన్నటి పెరుగులోంచి చెంచాడు దాచి ఇవాళ్టి పాలు తోడుపెట్టే ఇల్లాలికి సవర్‌డో అనే పుల్లరొట్టె గురించి విడిగా పాఠం చెప్పక్కర్లేదు. పిండీ నీళ్లూ కలిపి కొన్నాళ్లు రోజూ కొంచెం కొత్త పిండి జోడిస్తూ పోతే, పిండిలో సహజంగా ఉండే ఈస్టు, పెరుగులో ఉండేలాంటి లాక్టిక్ బ్యాక్టీరియా అందులో స్థిరపడతాయి. అదే సవర్‌డోకి తోడు. వాడుకున్నప్పుడల్లా కాస్త మిగుల్చుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849లో మొదలైన బూడిన్ బేకరీ, ఆనాటి తోడునే ఇప్పటికీ సాకుతూ వస్తున్నామని చెప్పుకుంటుంది. ఆ ఊరి పుల్లరొట్టెలో దొరికిన ఒక బ్యాక్టీరియాకి శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు.

ఇంట్లో బ్రెడ్డు అనగానే చాలామంది జంకేది పిండి మదాయించడానికి. పావుగంటసేపు రెక్కలు పడిపోయేలా పిసకాలి మరి. ఆ భయాన్ని పోగొట్టినవాడు న్యూయార్క్ రొట్టెల నిపుణుడు జిమ్ లాహీ. ఆయన పద్ధతిని వంటల రచయిత మార్క్ బిట్‌మన్ 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రాయగానే అది దేశదేశాల వంటిళ్లకు పాకింది. మూడు కప్పుల పిండి, పావు చెంచా డ్రై ఈస్టు, చెంచా పైచిలుకు ఉప్పు, సుమారు ఒకటిన్నర కప్పు నీళ్లు. గరిటెతో నిమిషం కలిపి, మూతపెట్టి 12 నుంచి 18 గంటలు వదిలేయడమే. పిసకనే అక్కర్లేదు.

ఎలా కుదురుతుందిది? బొబ్బట్లు చేసేవాళ్లకు తెలుసు. తోపు పిండి నానినకొద్దీ రబ్బరులా సాగుతుంది. గోధుమలోని ప్రొటీన్లు తడిసి ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అనే వలగా మారతాయి. చేతులు చేసే ఆ పనిని ఇక్కడ నీళ్లూ గంటలూ చేస్తాయి. ఈస్టు వదిలే కార్బన్ డయాక్సైడు ఆ వలలో చిక్కుకుని పిండిని పొంగిస్తుంది. నెమ్మదిగా పులిసింది కనుక రుచీ ఎక్కువే. లాహీ చెప్పిన గంటలు మాత్రం 20 డిగ్రీల పైచిలుకు చలివంటింటికి సరిపోయేవి. మన మే నెలలో ఇడ్లీపిండి గిన్నె దాటినట్టే ఇదీ దాటేస్తుంది. సగం సమయంలోనే చూసుకోవాలి, గడియారాన్ని కాదు, పిండి మీద లేచిన బుడగల్ని.

అసలు గడుసుతనం కాల్చడంలో ఉంది. మూత ఉన్న దళసరి ఇనపగిన్నెను ముందుగానే ఓవెన్‌లో 230 డిగ్రీల దాకా వేడెక్కించి, పిండిముద్దను అందులోకి జారవిడిచి మూతపెడతారు. పిండిలోంచి లేచిన ఆవిరి బయటికి పోలేక గిన్నెలోనే తిరుగుతుంది. దాంతో పైపెచ్చు వెంటనే గట్టిపడకుండా రొట్టె పూర్తిగా పొంగుతుంది. అరగంటకు మూత తీస్తే, తర్వాతి పావుగంట అరగంటలో పెచ్చు ముదురు గోధుమరంగుకి తిరిగి కరకరలాడుతుంది. తీశాక ఓ గంటన్నా ఆగి కోయాలి. వేడిమీద కోస్తే లోపలి గంజిపదార్థం ఇంకా కుదురుకోక ముక్క కత్తికి అంటుకుంటుంది. ఆ గంట ఆగడమే అన్నిటికన్నా కష్టం!

గోధుమల స్వభావాన్ని బట్టి రొట్టె. ఐర్లండు గోధుమ మెత్తటిది, గ్లూటెన్ తక్కువ. అందుకే 19వ శతాబ్దంలో వంటసోడా అందుబాటుకొచ్చాక అక్కడి పల్లెల్లో సోడాబ్రెడ్డు ఇంటింటి రొట్టె అయింది. పిండి, ఉప్పు, సోడా, మజ్జిగ, అంతే. మజ్జిగ పులుపు సోడాతో కలిసి గ్యాసు పుట్టిస్తుంది కాబట్టి పులియబెట్టే పని లేదు, కలిపిన వెంటనే కాల్చాలి. పైన శిలువలా లోతుగా గాటుపెట్టడంతో మధ్యదాకా వేడి దిగుతుంది. మొదటిసారి రొట్టె చేసే తెలుగింటికి దీన్ని మించింది లేదు. మజ్జిగ మాత్రం చిక్కగా, పుల్లగా ఉండాలి.

జర్మనీ వెస్ట్‌ఫాలియా ప్రాంతపు పంపర్‌నికెల్‌ది మరో లోకం. రై అనే చలిదేశపు ధాన్యంతో చేసి, తక్కువ వేడిమీద కనీసం 16 గంటలు ఓవెన్‌లో ఉంచుతారు. సంప్రదాయ రొట్టెకు ఆ నల్లరంగు, తీపి ఏ రంగూ కలపకుండానే వస్తాయి. ఇటలీ లిగూరియా తీరపు ఫొకాచా మాత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సింది. పళ్లెంలో పరిచిన పిండిని పది వేళ్లతో గుంటలు గుంటలుగా నొక్కి, ఆ గుంటలు నిండేలా ఆలివ్ నూనె, ఉప్పునీళ్లు పోస్తారు.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆ చల్లదనానికి గంజిపదార్థం త్వరగా బిగుసుకుని రొట్టె బయటకన్నా ముందే ఎండుతుంది. గుడ్డలో చుట్టి బయట ఉంచాలి, లేదా ముక్కలు కోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. అప్పటికీ గట్టిపడితే హైదరాబాదు దగ్గర ఉపాయముంది. పెళ్లి విందుల్లో వడ్డించే డబుల్ కా మీఠా. ఇంటిరొట్టెను మనకు కావలసినంత దళసరిగా కోసుకోవచ్చు. నేతిలో ఎర్రగా వేయించి, ఏలకులు, కుంకుమపువ్వు వేసిన పాకంలో వదిలితే, ముక్క విరగకుండానే అంచుదాకా పీల్చుకుంటుంది.