ఎక్కడి వస్తువు అక్కడ

హైదరాబాదు నగరమధ్యమున నున్న అమీర్‌పేట, పంజాగుట్టలు ఎల్లవేళల జనసమ్మర్దముతో నిండియుండును. అమీర్‌పేటలో రెండు మెట్రో రైలు మార్గములు కలిసికొనును. కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు అచ్చట పెక్కులు గలవు. పంజాగుట్టలో నిమ్స్ అని పిలువబడు పెద్ద వైద్యసంస్థ యున్నది. ఇట్టి తావులలో స్థలము మిక్కిలి ప్రియము. చిన్న గదిలో పలువురు నివసింపవలసి యుండును. కావున వస్తువులను క్రమముగ ఉంచుకొనుట ఎట్లు అను ప్రశ్న ఇచ్చట ప్రతిదినము ఎదురగును.

జిల్లాలనుండి చదువులకై వచ్చిన యువతీయువకులు అమీర్‌పేట వసతిగృహములలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున ఉందురు. ఒక్కొక్కరికి ఒక మంచము, ఒక పెట్టె, గోడకు ఒక కొక్కెము. వారిలో ఒకనికి ఉద్యోగమునకై పిలుపు వచ్చిన దినమున పరీక్ష పట్టా కనబడలేదని ఊహింపుడు. పెట్టె బోర్లించి, పుస్తకములన్నియు విదిల్చి, తోటివారినందరిని అడిగి, తుదకు ఒక పాత నోటు పుస్తకములో దానిని కనుగొనులోపల వేళ మించిపోవును. గదిలో చోటు లేకపోవుట ఇచ్చటి లోపము కాదు. పట్టాకు ఒక చోటు ఏర్పడియుండకపోవుటయే లోపము.

చోటు ఏర్పరచుటయు ఒక విద్యయే. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానుదేశపు కర్మాగారములలో దీనిని ఒక పద్ధతిగా రూపొందించిరి. అందు ఐదు మెట్లు గలవు. వాని జపానుపేర్లను ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో ఐదును ‘ఎస్’ అను అక్షరముతో మొదలగును. అందుచే దీనిని ‘ఫైవ్ ఎస్’ అందురు.

మొదటి మెట్టు సెయిరి, అనగా ఏరుట. కావలసినదానిని, అక్కరలేనిదానిని వేరుచేయవలెను. మన యిండ్లలోని అటకను చూడుడు. విరిగిన కుర్చీ, మూతలేని డబ్బా, చెడిన రేడియో ‘ఎప్పుడైన పనికివచ్చును’ అను ఒక్క మాటతో ఏండ్ల తరబడి అచ్చటనే పడియుండును. ఆ మాట వట్టి అబద్ధము కాదు. కొరత నెరిగిన పెద్దలు ఒక మేకునైనను పారవేయక దాచిరి; అది పొదుపు. కాని దాచినది ఎచ్చటనున్నదో తెలియక మరియొకటి కొన్నచో, ఇక పొదుపెక్కడిది?

రెండవది సెయిటోన్, అనగా అమర్చుట. దీనికి మన వంటయింటి పోపుల పెట్టెను మించిన ఉదాహరణము లేదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపపప్పు, ఎండుమిరపకాయలు వేరువేరు గిన్నెలలో ఒకే పెట్టెయందుండును. నూనె కాగిన తరువాత వెదకుటకు వ్యవధి లేదు. చేయి తనంత తానే ఆవాల గిన్నెకు పోవును. తరచుగ వాడునది చేతికందునట్లును, అరుదుగ వాడునది దూరముగను ఉంచవలెనను సూత్రము ఆ చిన్న పెట్టెలో ఇమిడియున్నది.

మూడవది సెయిసో, అనగా శుభ్రపరచుట. తుడుచునప్పుడే నూనె కారు యంత్రము, చెదపట్టిన పెట్టె కంటబడును. నాల్గవది సెయికెట్సు, అనగా అందరికి ఒకే నియమము నేర్పరచుట. డబ్బాపై పేరు, దస్త్రముపై సంఖ్య వ్రాసినచో క్రొత్తగా వచ్చినవాడును వెదకి తీయగలడు. ఐదవది షిట్సుకె, అనగా ఆ నియమమును అలవాటు చేసికొనుట. అన్నిటికంటె కష్టమైనది ఇదియే. పండుగకు బూజు దులిపి మరునాడే మరచువారు మూడవ మెట్టు దాటలేదని చెప్పవలెను.

ఈ పద్ధతిని తెలంగాణ పోలీసుశాఖ తన ఠాణాలలో ప్రవేశపెట్టినది. పంజాగుట్ట ఠాణా 2017వ సంవత్సరమునకు దేశములోని ఉత్తమ ఠాణాలలో రెండవదిగా ఎంపికయ్యెను. ఆ ఎంపికలో పరిశుభ్రతయే కాక నేరముల నివారణ, కేసుల పరిష్కారము మున్నగునవియు లెక్కకు వచ్చినవి. అయినను క్రమమునకును న్యాయమునకును గల సంబంధము గమనింపదగినది. దొంగనుండి స్వాధీనము చేసికొన్న సొమ్మునకు పద్దు వ్రాసి, సంఖ్య వేసి, మాల్‌ఖానా అను గదిలో భద్రపరతురు. న్యాయస్థానము కోరిన దినమున దానిని చూపవలెను. చూపలేనిచో కేసు బలహీనపడును. సొమ్ము పోగొట్టుకొన్నవానికి రెండవమారు నష్టము కలుగును.

ఆసుపత్రులలోను ఇంతే. రోగి పూర్వపు ఎక్స్‌రే, రక్తపరీక్షల కాగితములు దొరకనిచో, జబ్బు పెరిగినదో తగ్గినదో వైద్యుడు పోల్చి చూడజాలడు. కార్యాలయములో బల్లకు ఈవల గుమాస్తా కాగితము వెదకుచుండగా, ఆవల నిలిచియున్న కూలివాడు ఆ పూట కూలి పోగొట్టుకొనును. క్రమము తప్పినవాడే దాని వెల చెల్లించునని తలపరాదు. తరచుగ ఇతరులు చెల్లింతురు.

ఏరుట యనగా అన్నిటిని పారవేయుట యని భ్రమపడరాదు. భూమి పత్రములు, జనన ధ్రువపత్రములు, చదువు పట్టాలు ఎంత పాతవైనను దాచవలసినవే. పెద్దల పెట్టెలోని వస్తువును వారి ననుమతి యడుగక తీయరాదు. మనకు తుక్కుగ తోచినది వారికి ఒక జ్ఞాపకము కావచ్చును. చదివిన పుస్తకములు మరియొక విద్యార్థికి ఉపకరించును. ఆదివారములందు అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములు ఎందరి చేతులకో చేరుచున్నవి. కాగితము, ఇనుము పాతసామాను కొనువారి ద్వారా మరల ముడిసరుకగును. చెడిన బ్యాటరీలను, సెల్‌ఫోనులను మాత్రము చెత్తలో కలుపరాదు. వానిలో హానికరమైన లోహములుండును గనుక ప్రత్యేకముగ సేకరించువారికే ఒప్పగింపవలెను.

ఇంటి క్రమము తల్లి యొక్కతెయే మోయవలసిన బరువు కాదు. తీసిన చేయియే తిరిగి పెట్టవలెను. విద్యార్థులారా! మీ పుస్తకముల సంచితో ఆరంభింపుడు. నేటి రాత్రి దానిని ఖాళీచేసి, రేపటి పాఠములకు కావలసినవి మాత్రమే సర్దుడు. పిదప మీ అలమార, ఆపైన ఇల్లు. విద్యుత్తు పోయిన రాత్రి ఇంటిలోని ప్రతివారును చీకటిలో చేయి చాచి టార్చిలైటును అందుకొనగలిగినచో, ఆ యింట క్రమము నెలకొన్నదని నిశ్చయింపవచ్చును.