బ్యాటరీ కదిలితే బుల్లి విమానం కూలినట్లే!

వరంగల్‌: బాల్సా చెక్కతో, థర్మోకోల్‌తో రోజుల తరబడి శ్రమించి కట్టిన బుల్లి విమానం అది. మైదానం నుంచి చక్కగా పైకి లేచింది. ముక్కు మరికాస్త పైకెత్తింది. అంతలోనే తోక కిందికి జారి, గిరికీలు కొడుతూ నేలకూలింది. మోటారులో లోపం లేదు. రిమోటూ బాగానే ఉంది. శకలాలను విప్పి చూస్తే ముందు గదిలో ఉండవలసిన బ్యాటరీ రెక్కల వెనక్కు జారి కనిపిస్తుంది. రేడియో తరంగాలతో నడిచే నమూనా విమానాల తయారీలో కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఇదే. ఖరీదైన పరికరాలు కొంటారు, వాటిని బిగించే తీరును మాత్రం పట్టించుకోరు.

వరంగల్‌ ఎన్‌ఐటీలో జరిగే టెక్నోజియాన్‌ వంటి సాంకేతికోత్సవాలు, ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌ శిక్షణలో భాగమైన ఏరోమోడలింగ్‌ విద్యార్థులను ఈ విద్యవైపు ఆకర్షిస్తుంటాయి. 1981లో మూతపడిన మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025లో కేంద్రం ఆమోదం తెలిపాక ఓరుగల్లులో విమానాల ముచ్చట మళ్లీ మొదలైంది. ఈ నేపథ్యంలో విమానం లోపలి అమరికపై అవగాహన అవసరం.

కావడి సూత్రమే

కావడి బద్దపై ఒక కుండ జరిగితే మోసేవాడు తూలిపోతాడు. విమానానికీ అంతే. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతు మొదలు మూడో వంతు లోపు గరిమనాభి ఉండాలన్నది సాధారణ నియమం. కిలో బరువున్న విమానంలో 180 గ్రాముల బ్యాటరీ 10 సెంటీమీటర్లు వెనక్కు జరిగితే గరిమనాభి 18 మిల్లీమీటర్లు వెనక్కు పోతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కకు అది దాదాపు పదో వంతు. ఇక విమానం మాట వినదు.

అందుకే బ్యాటరీకి పలుచని ప్లైవుడ్‌ పలకను అమర్చి, అడుగున వెల్‌క్రో అతికించి, పలకకు చేసిన గాట్లలోంచి పట్టీని చుట్టి బిగించాలి. వెల్‌క్రో ఒక్కటే చాలదు, ఎండకు దాని జిగురు ఊడివస్తుంది. బ్యాటరీ ముందు స్పాంజి ముక్క ఉంచాలి. చుట్టుపక్కల స్క్రూ మొనలు ఉండరాదు. లిథియం పాలిమర్‌ బ్యాటరీకి రంధ్రం పడితే మంటలు లేచే ప్రమాదముంది. విమానం కూలిన తర్వాత బ్యాటరీని వెంటనే ఇంటికి తీసుకెళ్లకుండా ఆరుబయట ఇసుకపై కొంతసేపు ఉంచి గమనించాలి.

ఒక్కోదానికి ఒక్కో తీరు

సంకేతాలు అందుకునే రిసీవర్‌ను మెత్తని స్పాంజిలో చుట్టాలి. ఇంధనంతో నడిచే ఇంజిన్లలో ప్రకంపనలు ఎక్కువ కనుక ఇది మరీ ముఖ్యం. దానికి రెండు యాంటెన్నాలు ఉంటే ఒకదానికొకటి లంబకోణంలో, కార్బన్‌ కడ్డీలకు దూరంగా అమర్చాలి. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీని మాత్రం స్పాంజిలో చుట్టరాదు. అది వేడెక్కుతుంది, గాలి తగిలేచోటే ఉండాలి.

రెక్కల పలకలను కదిలించే సర్వోలతో రబ్బరు వాషర్లు, ఇత్తడి గొట్టాలు వస్తాయి. గొట్టం వెడల్పు అంచు చెక్కవైపు ఉండాలి. స్క్రూను గొట్టానికి ఆనేవరకే తిప్పాలి. బలం ఉంది కదా అని రబ్బరును నలిపేస్తే దాని ప్రయోజనమే పోతుంది. థర్మోకోల్‌ విమానమైతే సర్వోకు టేపు చుట్టి గ్లూగన్‌ జిగురుతో అతికించవచ్చు. మామూలు ఫెవిక్విక్‌ థర్మోకోల్‌ను కరిగిస్తుంది. గ్లూగన్‌ జిగురు సైతం మే నెల ఎండలో నిలిపిన కారు డిక్కీలో మెత్తబడుతుందని మరువరాదు.

గైరో వాడేవారు దానిని సమతలంగా, బాణం గుర్తు సూచించే దిశలో, డబుల్‌సైడ్‌ టేపుతో కదలకుండా అతికించాలి. వదులైన గైరో లేని వంపును ఉన్నట్లు భావించి విమానాన్ని తప్పుగా సరిదిద్దుతుంది.

2021 డ్రోన్‌ నిబంధనల పరిధిలోకి నమూనా విమానాలూ వస్తాయి. డిజిటల్‌ స్కై పటంలో ఎర్రరంగు ప్రాంతాల్లో కేంద్రం అనుమతి లేకుండా ఎగురవేయరాదు. జనం, రహదారులు లేని చోటును ఎంచుకోవాలి. మైదానానికి వెళ్లాక ప్రొపెల్లర్‌ను ఊడదీసి, విమానాన్ని తలకిందులుగా పట్టుకొని గట్టిగా ఊపి చూడాలి. లోపల ఏదైనా టక్కుమని చప్పుడైతే మూత విప్పి, మళ్లీ బిగించాకే ఎగురవేయాలి.