నల్లబల్ల లేని తొలిపాఠము

ద్రాక్షారామ భీమేశ్వరస్వామి గర్భాలయము రెండంతస్తులది. క్రింద నిలిచినవారికి స్వామి అధోభాగము మాత్రమే కానవచ్చును, శిరోదర్శనము కావలెనన్న మెట్లెక్కి పైకి పోవలెను, అభిషేకమును అక్కడనే చేయుదురు. ఆ గుడిగోపురము కనుచూపుమేరలో నుండగా, 2020 వానకాలమున, ఒక పెంకుటింటి వసారాలో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న యువతి యొకతె పాఠము చెప్పుచుండగా చూచితిని. బియ్యపుడబ్బాపై నాలుగు పుస్తకములు పేర్చి, వానిపై ఇత్తడిచెంబు నుంచి, చెంబునకు సెల్‌ఫోను నానించి, నల్లని అట్టముక్కపై సుద్దతో భిన్నములు వ్రాసి చూపుచుండెను. "అర్థమైందా?" అని ఆమె యడుగగా ఫోనులోనుండి "అయ్యిందండీ" యని ఒక్క గొంతు వినవచ్చెను, తక్కిన పదిమంది మ్యూట్‌లో నుండిరి. అంతలో ఇంకొక పిల్లవాడు, "టీచరుగారండీ, బొమ్మ ఆగిపోయిందండీ" అనెను.

ఆ యేడు మార్చిలో కరోనా వలన బడులు మూతబడినవి. యునెస్కో లెక్క ప్రకారము ఆ విపత్తులో నూటతొంబదికి పైగా దేశములలో సుమారు 160 కోట్ల విద్యార్థుల చదువు చెదరినది. మన ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారమైనవి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి టీవీ పాఠములు మొదలైనవి. దూరము నుండి పాఠము చెప్పుట మనకు క్రొత్త కాదు. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు చేరగా వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినదే. అయితే ఆ పెట్టెలలో మాటలాడినవారు చేయితిరిగిన పండితులు. ఇప్పుడు ఆ పెట్టెలోనికి పోవలసివచ్చినది, బడిపిల్లల యెదుట ఇంకను ఒక్క గంటయైన నిలిచి యెరుగని ఛాత్రోపాధ్యాయులు.

బి.ఇడి. రెండేండ్ల చదువుగా మారిన తరువాత అందులో ఇరువది వారములు బడిలోనే గడుపవలెనను నియమ మేర్పడినది. ఆ వారములలో అబ్బునది పాఠ్యపథకము వ్రాయు నేర్పు కాదు, అది గదిలో కూర్చుండియు నేర్వవచ్చును. వెనుకబెంచీ పిల్లవాడు కిటికీవైపు చూచిన యా క్షణముననే పాఠము తప్పుదారి పట్టినదని గ్రహించు చూపు. ఫోనులో ఆ వెనుకబెంచీ లేదు. ఒకరి కెమెరా పైకప్పును చూపును, ఇంకొకరి చతురస్రము చీకటి; మరొకనికి ఫోనే లేదు, తండ్రి పని నుండి తిరిగివచ్చిన పిమ్మట గాని అది చేతికి రాదు. కనుకనే కొందరు ఛాత్రోపాధ్యాయులు రాత్రి ఎనిమిది గంటల తరువాత పాఠములు పెట్టుకొనిరి, నోటుపుస్తకపు ఫొటోలను వాట్సాప్‌లో తెప్పించుకొని దిద్దిరి. ఇక్కడ సహాధ్యాయులే పిల్లలై నటించు సూక్ష్మబోధన 1963లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టినది. అదియు ఫోనులోనికే వచ్చినది. ఇరువదియైదేండ్ల బాలకుడు చేయియెత్తి "టీచర్!" అనుట చూచినవారికి నవ్వాగదు, నాకును ఆగలేదు.

మా వసారా యువతి మాత్రము రెండవ వారమున అట్టముక్కను ప్రక్కన పెట్టెను. "ఇంట్లో పాత పేపరుంటే తెచ్చుకోండమ్మా, మడతపెట్టండి" అనెను. పిల్లలు మడచిరి, విప్పిరి, గడులు లెక్కించిరి, కెమెరాకు దగ్గరగా పట్టిరి. ఒక బాలిక చూపిన కాగితములో గడులు నాలుగేగాని అవి సమానముగా లేవు, "ఇది నాలుగో వంతేనా?" యని యడుగగా ఆ బాలిక తానే తల యడ్డముగా నూపెను. అంతవరకు అర్థమైనదన్న పిల్లలలో ఎందరికి కాలేదో ఆ పూట తేలినది. అందముగా స్లయిడులు చేసిన ఆమె సహాధ్యాయులకు ఆ రాబడి రాలేదని నా యభిప్రాయము.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరచిరి గాని, సగముమంది బడిలో, సగముమంది యింట. అప్పుడే గర్భాలయము తలపునకు వచ్చినది: రెండంతస్తులవారికిని దర్శన మీయవలసిన అర్చకునకు మెట్లున్నవి, ఈ యువతికి లేవు. గదివారి వైపు తిరిగిన ఇంటివారికి వీపు కనబడును, ఫోనువైపు తిరిగిన గదివారు గోలచేయుదురు. చివరకు ఆమె, గదిలో చురుకైన పిల్ల నొకతెను ఫోను దగ్గర కూర్చుండబెట్టి, ఇంటివారి ప్రశ్నలను బిగ్గరగా చదివించెను.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడులలో ఎనిమిదవ తరగతివారికి ట్యాబులు వచ్చినవి, తరువాత గోడలపై పెద్ద డిజిటల్ తెరలు వెలసినవి. ఇప్పటి ఛాత్రోపాధ్యాయుల పాఠ్యపథకములలో బోధనోపకరణముల గడి ఆ తెరల పేరుతోనే నిండుచున్నది. మా యువతి పాత రికార్డు పుస్తకము నొకసారి తిరుగవేసితిని. భిన్నముల పాఠమున ఆ గడిలో "పాత వార్తాపత్రిక, ఒకటి" అని యున్నది. దాని ప్రక్కన పర్యవేక్షకుల యెఱ్ఱసిరాతో ఒక ప్రశ్నార్థకము.