పరదేశమున పసిబిడ్డకు తొలి బడి

పూర్వము తెలుగుదేశమునుండి రంగూనునకు పోయినవారిలో పెక్కుమంది పురుషులు ఆలుబిడ్డలను ఊరనే విడిచి పోయెడివారు. నేడట్లు కాదు. దుబాయికో, దోహాకో, సింగపూరునకో ఉద్యోగమునకై పోవు గృహస్థుడు భార్యను, మూడేండ్ల బిడ్డను వెంటబెట్టుకొనియే పోవుచున్నాడు. కొన్ని కుటుంబములలో ఉద్యోగము భార్యది, వెంట పోవువాడు భర్త. ఇల్లు కుదిరిన వెంటనే ఎదురగు ప్రశ్న యొక్కటే: బిడ్డను ఏ బడిలో చేర్పవలెను? పెద్దపిల్లల చదువునుగూర్చి సలహా చెప్పువారు కావలసినంతమంది కలరు. పసివారి విషయమున మాత్రము "ఆడుకొనుటయే గదా, ఎచ్చటనైన నేమి?" యని తేల్చివేయుదురు. ఆ మాట సరికాదు. మూడవయేటినుండి ఆరవయేటివరకు బిడ్డకు మాటయు, ధైర్యమును, నలుగురితో మెలగు తీరును కుదురుకొనును. అమ్మమ్మ పలుకు మనుమరాలికి తెలియునో తెలియదో యనునదియు ఈ మూడేండ్లలోనే చాలవరకు తేలును. కావున ఈ విషయమును సోదరీమణుల యెదుట కొంత వివరముగా నుంచదలచితిమి.

మొదట పేరునుగూర్చి ఒక మాట. అంతర్జాతీయ పాఠశాలలలో ప్రాచీనమైనదానిని 1924వ సంవత్సరమున జెనీవా నగరమున స్థాపించిరి. నానాజాతిసమితి ఉద్యోగుల పిల్లలకు దేశము మారినను చదువు చెడకుండవలెనని దాని యుద్దేశము. నేడు ఆ పేరు పెట్టుకొనుటకు పెక్కుచోట్ల అడ్డు లేదు. హైదరాబాదు, విజయవాడ వీధులలో సైతము ఆ పేరుగల బోర్డులు కనబడుచున్నవి. కనుక పేరును బట్టి తృప్తిపడక, పసివారికి ఏ పద్ధతిని నడుపుచున్నారని అడుగవలెను. సాధారణముగా నాలుగు పద్ధతులు కనబడును.

మొదటిది ఇంగ్లండు పద్ధతి. దీనికి ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్ అని పేరు. 2008 నుండి అచ్చట ఇది చట్టబద్ధము. పుట్టినది మొదలు అయిదేండ్ల వరకు బిడ్డ యెదుగుదలను ఏడు భాగములుగా విభజింతురు. అందు మాట, శరీరము, మనస్సుతోడి స్నేహస్వభావములు అను మూడును మూలములు. అక్షరములు, లెక్కలు, లోకజ్ఞానము, కళలు అను నాలుగును వానిపై నిలుచునవి. రెండవది జెనీవాలో 1968లో స్థాపితమైన ఇంటర్నేషనల్ బాకలోరియట్ సంస్థవారి ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్. ఇది 1997లో ఆరంభమై, మూడేండ్లనుండి పండ్రెండేండ్ల వరకు నడచును. ఇందు ఒక విషయమును, మాటకు నీటిని, కొన్ని వారములపాటు పట్టుకొని, పిల్లల ప్రశ్నలనుండియే పాఠము నల్లుకొందురు. ఈ సంస్థ అనుమతి నిచ్చిన బడి వేరు, అనుమతికై దరఖాస్తు పెట్టుకొన్న బడి వేరు. ఏది యేదో అడిగి తెలిసికొనవలెను.

మూడవది మాంటిసోరీ పద్ధతి. మేరియా మాంటిసోరీ 1907లో రోము నగరమున పేదపిల్లలకై బాలగృహమును తెరచిరి. 1939లో వారు మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమున ఈ దేశముననే యుండి, పలువురు ఉపాధ్యాయులను తీర్చిదిద్దిరి. కనుక ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. మూడునుండి ఆరేండ్లవారు ఒక గదిలోనే కలసియుందురు. బిడ్డ తనకు నచ్చిన పనిని తీసికొని, ముగించి, వస్తువును మరల స్వస్థానమున నుంచును. అయితే ఈ పేరుకు కాపలాదారు లేడు. పరికరములు అలమరలో నుండి, వానిని వాడుట నేర్చిన టీచరు లేనిచో అది మాంటిసోరీ బడి కానేరదు. నాలుగవది మనదేశపు పద్ధతి. గల్ఫు దేశములలో భారతీయ పాఠశాలలు చాల కలవు. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడునుండి ఎనిమిదేండ్ల వరకు ఒకే పునాదిగా నెంచి, ఆటపాటలతోనే చదువు నడువవలెనని చెప్పినది. ఆచరణమున నాలుగేండ్లవారిచేత పుటలకొలది అక్షరములు దిద్దించు బడులు నేటికిని కలవు. నోటు పుస్తకము నడిగి చూచిన రహస్యము బయటపడును.

ఈ నాలుగింటిలో నేది మేలు? దీనికి అందరికి నొకటే సమాధానము లేదు. కుటుంబము అచ్చట ఎన్నాళ్ళుండును, ఆ పిమ్మట ఎచ్చటికి పోవును అనునదే మొదట తేల్చుకొనవలసినది. రెండేండ్లలో స్వదేశమునకు మరలువారికి వయస్సు లెక్క ముఖ్యము. ఇంగ్లండు పద్ధతిలో ఆగస్టు 31 నాటికి అయిదేండ్లు నిండిన బిడ్డ సెప్టెంబరులో ఒకటవ సంవత్సరపు తరగతికి పోవును. 2020 ఆగస్టులో పుట్టిన పిల్ల 2025 సెప్టెంబరులోనే ఆ తరగతిలో కూర్చుండును. మన కేంద్రీయ విద్యాలయములలోనో, ఒకటవ తరగతికి మార్చి 31 నాటికి ఆరేండ్లు నిండవలెనను నియమము 2022–23 నుండి కలదు. ఆ లెక్కను అదే పిల్లకు 2027 ఏప్రిలులోగాని ఒకటవ తరగతి దొరకదు. అప్పటికి అచ్చట రెండవ సంవత్సరము ముగియవచ్చుచుండును. ఇది తెలియని తల్లి, బిడ్డ చదువు వెనుకబడినదని కంట నీరు పెట్టుకొనును. వెనుకబడినది తరగతి అంకెయేకాని బిడ్డ కాదు. రాష్ట్రమును బట్టి, బడిని బట్టి నియమములు మారును గనుక, తిరిగివచ్చి చేరదలచిన బడినే ముందుగా అడుగుట మంచిది.

ఇక బడిని చూచు విధము. ఈత కొలనును, రంగుల గోడలను, సభామందిరమును ముందు చూపుదురు. చూడవలసినవి అవి కావు. పిల్లలు గదిలో నున్న వేళ పోయి, పావుగంట ఒక మూల నిలువుడు. ఏడ్చుచున్న బిడ్డయొద్దకు టీచరు వచ్చి, తాను వంగి, వాని కన్నులలోనికి చూచి మాటలాడుచున్నదా, దూరమునుండియే హెచ్చరించుచున్నదా? ఒక్కొక్కరి చేతి క్రింద ఎందరు బిడ్డలు? ఇంగ్లండులో మూడేండ్లు దాటినవారికి అర్హతగల టీచరు గదిలో నున్నచో పదుముగ్గురికి ఒకరు చాలుననియు, రెండేండ్లలోపువారికి ముగ్గురికి ఒకరుండవలెననియు నియమము. ఆ చట్టము విదేశములోని బడులను కట్టదు గాని, పోల్చి చూచుటకు కొలబద్ద కాగలదు. టీచర్లు ఏటేట మారుచున్నారా? మొదటి దినములలో తల్లిని కొంతసేపు గదిలో కూర్చుండనిత్తురా? శాకాహారపు బిడ్డకు భోజన మెట్లు? పెరుగన్నము డబ్బాలో తెచ్చుకొనవచ్చునా? ఇవి అడుగుటకు సిగ్గుపడరాదు. దుబాయిలో 2008 నుండి ప్రభుత్వము పాఠశాలలను తనిఖీ చేసి నివేదికలను ప్రకటించుచు వచ్చినది. అట్టి నివేదిక దొరకినచో, అది ఏ సంవత్సరపుదో గమనించి చదువవలెను.

వ్యయమును గూర్చియు ఒక మాట. చెప్పిన ఫీజు ఒకటి, కట్టవలసినది మరొకటి. దరఖాస్తు సొమ్ము, డిపాజిట్టు, బస్సు, దుస్తులు, భోజనము కలిపి లెక్కించుడు. ఉద్యోగము మరల మారినచో డిపాజిట్టు తిరిగి వచ్చునా యని వ్రాతపూర్వకముగా అడుగుడు. కొన్ని కంపెనీలు పిల్లల చదువునకిచ్చు భత్యము పసితరగతులకు వర్తింపదు. సంతకమునకు ముందే ఆ నియమమును ఇంటి యజమానుడును, గృహిణియు కలసి చదువవలెను. చేతిలో సొమ్ము చాలనిచో, మూడేండ్ల బిడ్డను ఒక యేడు ఇంటనే యుంచుకొనుట అపరాధము కాదు. ఫిన్లండు దేశమున పిల్లలు ఏడవయేటగాని ఒకటవ తరగతికి పోరు.

అన్నిటికంటె ముఖ్యమైనది భాష. తెలుగు తప్ప వేరు పలుకెరుగని బిడ్డ క్రొత్త బడిలో కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, నోరు విప్పకుండ నుండవచ్చును. ఆ మౌనము మందబుద్ధి కాదు. చెవులతో పోగుచేసికొను కాలము. అప్పుడు కొందరు టీచర్లు "ఇంట కూడ ఇంగ్లీషే మాటలాడుడు" అని చెప్పుదురు. ఆ సలహాను వినయముతో త్రోసిపుచ్చవలెనని మా అభిప్రాయము. పసివానికి మాతృభాషయే మేలైన బోధనభాష యని 1953లో యునెస్కో సంస్థవారి పండితుల నివేదిక తెలిపినది. ఇంట నిండుగా తెలుగు విన్న బిడ్డకు భావములు ముందే యుండును. వానికి ఇంగ్లీషు పేర్లు తగిలించుకొనుట సులభము. పైగా సింగపూరు ప్రభుత్వ పాఠశాలలలో తమిళము గాక హిందీ, ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ భాషలకు చోటు కలదు గాని తెలుగునకు లేదు. అట్టిచోట తెలుగునకు ఇల్లే బడి, తల్లిదండ్రులే గురువులు.

బడివారికి మీరొక ఉపకారము చేయవచ్చును. చిన్న కాగితముపై బిడ్డ నిత్యము పలుకు మాటలను, నీళ్ళు, ఆకలి, ఒంటికి, అమ్మ కావాలి, నొప్పి అను పదిమాటలను ఇంగ్లీషు అక్షరములలో అర్థముతో వ్రాసి టీచరున కిండు. "ఒంటికి" అని ఏడ్చు బిడ్డ మాట తెలియక, బట్టలు తడిసిన పిదప మందలించు దుస్థితి ఆ కాగితముతో తప్పును. దానిని సంతోషముగా పుచ్చుకొని గోడకు అంటించిన టీచరు మంచిది. "ఇవి మాకక్కరలేదు" అన్నచో, ఆ బడి యెంత పేరు పొందినదైనను మరియొకసారి ఆలోచింపుడు.

తొలి బడి బిడ్డకు ఇంటి గడప దాటిన తరువాతి మొదటి లోకము. అచ్చట వాని మాటకు మన్నన, ఏడ్పునకు ఓదార్పు, ప్రశ్నకు ఓపిక దొరకినచో, తక్కిన చదువు తనంతట వచ్చును. సోదరీమణులు బోర్డును చూడక బడిని, ఫీజును చూడక టీచరును, ఇరుగుపొరుగువారి గొప్పను చూడక తమ బిడ్డ ముఖమును చూచి నిర్ణయింతురుగాక యని కోరుచున్నాము.