పంక్ అంటే పిచ్చి జుట్టేనా?

అపోహ: నిక్కబొడిచిన రంగు జుట్టు, చినిగిన ప్యాంటు, చెవులు చిల్లులు పడే గోల. అదే పంక్.

వాస్తవం: పెద్దమనుషులకు ఒళ్లు మండాలనే ఆ వేషం. ఈ రాక్ సంగీతపు అసలు పట్టుదల వేరే: పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాంచెస్టర్‌ బృందం బజ్‌కాక్స్ ఏ కంపెనీ గడపా తొక్కకుండా 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డును సొంతంగా వెయ్యి కాపీలు వేయించుకుంది. నాలుగే పాటలు. ఏ పాట ఎన్నో టేక్‌లో కుదిరిందో అట్ట మీదే అచ్చేశారు, దాచడానికేముంది అన్నట్టు. అన్నీ అమ్ముడుపోయి మళ్లీ వేయించాల్సి వచ్చింది.

అపోహ: సంగీతం రానివాళ్ల సంగీతం.

వాస్తవం: గిటార్ మీద మూడు కార్డ్‌లు వస్తే చాలన్నది నిజమే. అయితే రామోన్స్ బృందం 1976లో తెచ్చిన తొలి ఆల్బం వినండి. 14 పాటలు, అరగంటలోపే అయిపోతాయి. తీగల మీద చెయ్యి పైనుంచి కిందికే కొట్టాలని గిటారిస్టు జానీ రామోన్ పట్టు. ఆ వేగంలో ఆగకుండా వాయించబోతే చెయ్యి పడిపోతుంది. ఇక వాషింగ్టన్‌ నల్లజాతి కుర్రాళ్లు బ్యాడ్ బ్రెయిన్స్, అంతకుముందు జాజ్ ఫ్యూజన్ వాయించినవాళ్లే!

సులువుగా వినిపించేది సులువు కాదన్న ఈ సంగతి నల్లగొండవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాటపు సంఘం పాటలకు గొల్లసుద్దుల్లాంటి జనం బాణీలే వాడుకున్నాడు. నిజాం మీదికి ‘బండెనక బండి కట్టి’ని ఎక్కుపెట్టిన బండి యాదగిరిదీ ఆ దారే. డప్పు తేలికనుకునేవాళ్లు ఒకసారి దగ్గర నిలబడాలి. గడ్డి మంట మీద కాచి, తోలు బిగిసిందో లేదో వేలితో మీటి చూసుకుంటారు. మోత మందగిస్తే మధ్యలో మళ్లీ కాస్తారు. ఇదంతా పంకే అనేస్తే మాత్రం తప్పు. పంక్ పాట ఎక్కువగా ‘నేను’ అంటుంది, సంఘం పాట వంత పాడే జనం కోసం కట్టింది.

అపోహ: పంక్ అంటే తాగుడూ మత్తూ.

వాస్తవం: పంక్ తార సిడ్ విషస్ 1979లో హెరాయిన్‌తోనే పోయాడు. మందూ మత్తూ ముట్టబోమని 1981లో ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ పాట పాడిన మైనర్ థ్రెట్ కూడా పంక్ బృందమే.

అపోహ: ధిక్కారం మగపిల్లల వ్యవహారం.

వాస్తవం: పళ్లకు క్లిప్పుతోనే మైకు ముందుకొచ్చి, వినియోగదారుల లోకాన్ని కడిగేసింది పంక్ గాయని పాలీ స్టైరీన్. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ పాట ఎత్తుకుంది. ఆమెను 1999లో చంపేశారు. ఈ రెండు ధైర్యాల వెల ఒకటి కాదు.

అపోహ: పదవో కంపెనీయో దగ్గరికొస్తే పాట చచ్చినట్టే.

వాస్తవం: అనుమానం అక్రమమేమీ కాదు. కానీ పాలమూరు గోరటి వెంకన్న 2020లో ఎమ్మెల్సీ అయ్యాడని ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాడటం ఎవరూ మానలేదు. 1977లో పంక్ బృందం క్లాష్ రికార్డు కంపెనీ సీబీఎస్‌తో సంతకం చేసింది. సీబీఎస్ అడక్కుండా తమ పాటనొకదాన్ని సింగిల్‌గా విడుదల చేసిందని ఆ ఏడే కంపెనీని కడిగేస్తూ ‘కంప్లీట్ కంట్రోల్’ కట్టింది. దాన్ని అచ్చువేసి అమ్ముకున్నదీ సీబీఎస్సే.