గిటారు మైదానమంతా వినపడాలంటే

ఆగస్టు 15 ప్రాక్టీసులో మన గిటారు పెట్టె శబ్దం వెనక వరుసకి అందలేదు. పెద్ద ఆంప్లిఫయరుకి కలుపుదామని నేను పెట్టెలోని స్పీకరు వైరు పీకి దాని ఇన్‌పుట్‌లో పెట్టబోయాను. సారు చెయ్యి పట్టుకుని ఆపారు. లేకపోతే సెట్టు కాలిపోయి, 15న అందరికీ మూగనోమే!

సంగతేంటంటే, గట్టిగా వాయిస్తే స్పీకరు వైరులో పది, ఇరవై వోల్టులు కూడా వస్తాయట. పెద్దదాని ఇన్‌పుట్‌కి సుమారు ఒక్క వోల్టు చాలు. అందుకని పెట్టె వెనక 'లైన్ అవుట్' సాకెట్ నుంచి పెద్దదాని 'లైన్ ఇన్'కి వైరు వెయ్యాలి. మైకు సాకెట్‌లో వద్దు. పెట్టె స్పీకరు వైరు జోలికి పోనే పోవద్దు.

వాల్యూములు సున్నాకి తిప్పాకే కలపండి. పెద్దది చివర్లో ఆన్ చెయ్యాలి, ఆపేటప్పుడు మొదట ఆపాలి. లేదా స్పీకర్లలో 'ధబ్'మంటుంది, చిన్నపిల్లలు జడుసుకుంటారు.