ధమని గోడలో రెండు పోగులు

వైద్య సాయం కోరుతూ మా సంఘానికి వచ్చే అర్జీల్లో గుండెజబ్బులవి తరచూ ఉంటాయి. ఆ రక్తనాళాల్లో అసలేం జరుగుతుందో దాతలకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు. ప్రతిసారీ పెద్ద ధమని కాస్త ఉబ్బి, మళ్లీ దగ్గరకు వస్తుంది. అయినా ఏళ్ల తరబడి చిరగకుండా ఉంటుందంటే కారణం గోడలోని రెండు ప్రొటీన్లు. ఎలాస్టిన్ రబ్బరులా సాగుతుంది. కొలాజెన్ నులకతాడులా బిగించి పట్టుకుంటుంది.

ఎలాస్టిన్ సంగతి విచిత్రం. పుట్టకముందూ పసితనంలోనూ తయారైనదాన్నే చాలావరకు జీవితాంతం వాడుకోవాలి. వయసువల్ల, రక్తపోటువల్ల ఆ పోగులు తెగితే మునుపటిలా తిరిగి అల్లుకోవు. భారమంతా కొలాజెన్ మీద పడి గోడ బిరుసెక్కుతుంది. పెద్దవారికి బీపీలో పై అంకె మాత్రమే పెరగడానికి ముఖ్య కారణం ఇదే. షుగరు ఉంటే చక్కెర కొలాజెన్ పోగులకు అంటుకుని వాటిని ఒకదానికొకటి బిగించేస్తుంది.

అలాగని కొలాజెన్‌ను శత్రువనుకోకూడదు. నాళంలో కొవ్వు పేరుకున్నచోట కండర కణాలు దానిమీద కొలాజెన్‌తో ఒక మూత అల్లుతాయి. మూత గట్టిగా ఉన్నంతకాలం లోపలి కొవ్వు రక్తాన్ని తాకదు. కానీ కొవ్వు మింగిన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు ఆ మూతను కొరుకుతూ ఉంటాయి. అది మిల్లీమీటరులో 15వ వంతుకన్నా పలచబడితే చిట్లే ప్రమాదం ఎక్కువ. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. గుండెపోట్లలో ఎక్కువ భాగం ఇలా వచ్చేవే. అంతకుముందు ఆ నాళం సగం కూడా మూసుకుపోయి ఉండకపోవచ్చు. నొప్పీ ఆయాసమూ తెలియకపోవచ్చు. “నిన్నటిదాకా బాగానే తిరిగాడే” అని ఇంటివాళ్లు అనేది ఇందుకే.

డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్ర కొవ్వును తగ్గించడమే కాదు, ఆ మూతను దళసరి కూడా చేస్తుంది. బీపీ మాత్ర గోడమీద ఒత్తిడి తగ్గిస్తుంది. రెండూ రోజూ పడితేనే పని. వేసుకున్నందువల్ల ఏదో మేలు జరిగినట్టు రోగికి తెలియదు, అదే చిక్కు.

ఆపరేషన్ అంటే దాతలు వెంటనే ముందుకు వస్తారు. నెలవారీ మందుల ఖర్చు అంతగా ఎవరి కంటా పడదు. కూలి పనులు దొరకని నెలలో ఇంట్లో ముందు ఆగేది ఆ మాత్రే.